కార్డు ముక్క మీద యూరప్

హాస్టల్‌లో నా మంచం పక్క గోడకి ఇప్పుడు 31 పోస్టుకార్డులు అతికించి ఉన్నాయి. ఒక జర్మన్ కోట, ఒక ప్రాగ్ వంతెన, నెదర్లాండ్స్ గాలిమరలు, మంచులో హెల్సింకి చర్చి, మధ్యలో రెండు పిల్లులు, ఒక పుట్టగొడుగు. రూమ్‌కి కొత్తగా వచ్చిన ప్రతివాడూ ముందు అడిగేది ఒకటే: "నీకు యూరప్‌లో ఇంతమంది చుట్టాలు ఎవర్రా?" ఎవరూ లేరు. ఈ కార్డులు పంపిన 31 మందిలో ఒక్కరి మొహం కూడా నేను చూడలేదు. వాళ్ళూ నన్ను చూడలేదు.

రెండో ప్రశ్న కొంచెం కష్టం. "ఫోన్‌లో కొడితే సెకనులో వచ్చే బొమ్మ కోసం నెల రోజులు ఎదురుచూడ్డం ఏంటి?" మొదట్లో దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నేను గోడ నింపుకోవడానికే మొదలుపెట్టాను. ఇప్పుడు జవాబు ఉంది. కానీ అది ఒక్క వాక్యంలో చెప్పేది కాదు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, తెలుగులో తప్పులు దొర్లితే క్షమించండి. అలాంటి ఒక తప్పు గురించి చివర్లో నేనే చెప్తాను.

అసలు ఇది ఎలా నడుస్తుంది

దీని పేరు పోస్ట్‌క్రాసింగ్. 2005 జూలైలో పోర్చుగల్‌లో పాలో మగల్యాయిష్ అనే స్టూడెంట్ మొదలుపెట్టాడు. తన పోస్టుబాక్స్‌లో బిల్లులు కాకుండా కార్డులు కనబడితే బాగుంటుందని అతని కోరిక. మొదట్లో సైటు మొత్తం వాళ్ళింట్లో బట్టల అలమరలో పెట్టిన ఒక కంప్యూటర్ మీద నడిచేదట. మన మినీ ప్రాజెక్టుల సర్వర్ల పరిస్థితి గుర్తొచ్చి నాకు ధైర్యం వచ్చింది. ఇప్పటికి ఆ సైటు ద్వారా ఏడు కోట్లకు పైగా కార్డులు చేతులు మారాయి.

పద్ధతి ఇది. మీరు అకౌంట్ తెరిచి మీ చిరునామా ఇస్తారు. "ఒక కార్డు పంపుతాను" అని నొక్కితే సైటు మీకు ప్రపంచంలో ఎక్కడో ఉన్న ఒక సభ్యుడి అడ్రస్, దాంతో పాటు ఒక కోడ్ ఇస్తుంది. మన దేశం నుంచి వెళ్ళే కోడ్‌లన్నీ ఐ, ఎన్ అక్షరాలతో మొదలై తరవాత అంకెలు ఉంటాయి. ఆ కోడ్‌ని కార్డు మీద రాసి పోస్టు చేస్తారు. అవతలి వ్యక్తి కార్డు అందగానే ఆ కోడ్‌ని సైటులో ఎక్కిస్తాడు. ఎక్కించిన క్షణం నుంచి మీకు ఒక కార్డు బాకీ పడుతుంది. అయితే ఆ బాకీ తీర్చేది అతను కాదు. తరవాత అడ్రస్ అడిగిన ఇంకో అపరిచితుడికి మీ అడ్రస్ వెళ్తుంది. నేను పోలండ్‌కి పంపితే నాకు ఆస్ట్రియా నుంచి రావచ్చు, తైవాన్ నుంచి రావచ్చు.

"నువ్వు నాకు పంపు, నేను నీకు పంపుతా" అని సూటిగా పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. పెట్టుకుంటే ఏమవుతుందో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి తెలుసు. ముందు వాడు పంపనీ అని నేను, ముందు నేను పంపనీ అని వాడు కూర్చుంటాం. డెడ్‌లాక్. ఇక్కడ అది లేదు. ముందు ఇచ్చినవాడికే తీసుకునే వరస. ఎవరికి ఇచ్చావో వాడి దగ్గరే వసూలు చెయ్యాలన్న పట్టింపు లేదు.

నెట్‌వర్క్స్ భాషలో చెప్పాలంటే మామూలు పోస్టు యూడీపీ లాంటిది. డబ్బాలో వేశాక కార్డు చేరిందో లేదో ఎవరూ చెప్పరు. కోడ్ ఎక్కించడం అనేది పైన పెట్టిన అక్నాలెడ్జ్‌మెంట్. టైమౌట్ కూడా ఉంది, 60 రోజులు. అప్పటికీ చేరకపోతే ఆ కార్డు గడువు తీరినట్టు లెక్క, మీరు దాని బదులు ఇంకోటి పంపుకోవచ్చు. గడువు తీరాక ఆలస్యంగా చేరినా రిజిస్టర్ చెయ్యొచ్చు. కొత్తవాళ్ళకి ఒకేసారి అయిదు కార్డులే దారిలో ఉండనిస్తారు, చేరినవి పెరిగేకొద్దీ ఆ పరిమితి పెరుగుతుంది. ఇది కూడా మనకి తెలిసిందే, టీసీపీలో విండో సైజు పెరిగినట్టు.

మన స్టాంపుకి వాళ్ళ పోస్ట్‌మాన్ ఎందుకు తిరుగుతాడు

ఇది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. నేను డబ్బులు కట్టింది ఇక్కడి పోస్టాఫీసులో. ఫిన్లాండ్‌లో మంచులో నడిచి ఆ కార్డు ఇంటింటికీ ఇచ్చే మనిషికి జీతం ఇచ్చేది ఫిన్లాండ్ పోస్టు. మరి వాళ్ళకేంటి లాభం?

జవాబు 150 ఏళ్ళ కిందటి ఒక ఒప్పందంలో ఉంది. అంతకు ముందు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఉత్తరం వెళ్ళాలంటే ఆ రెండు దేశాల మధ్య విడిగా ఒప్పందం ఉండాలి, మధ్యలో తగిలే దేశాలకి విడిగా కట్టాలి. 1874 అక్టోబర్ 9న స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 22 దేశాలు సంతకాలు చేసి, ఉత్తరాల వరకూ మనందరిదీ ఒకే భూభాగం అనుకుందాం అన్నాయి. అదే ఇప్పటి యూనివర్సల్ పోస్టల్ యూనియన్. మన దేశం 1876లో చేరింది. అక్టోబర్ 9ని ప్రపంచ తపాలా దినం అంటున్నది అందుకే.

అందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. స్టాంపు డబ్బు ఎవరు వసూలు చేస్తే వాళ్ళే ఉంచుకోవాలి, అవతలి దేశానికి పంచక్కర్లేదు. ఎందుకంటే ప్రతి ఉత్తరానికీ ఒక జవాబు వెళ్తుంది, ఆ జవాబు మీద స్టాంపు డబ్బు వాళ్ళకి వస్తుంది, చివరికి లెక్క సరిపోతుంది అని నమ్మకం. దాదాపు వందేళ్ళు ఈ లెక్క మీదే నడిచింది. కొన్ని దేశాలు పంపేది ఎక్కువ, తీసుకునేది తక్కువ అని తేలాక, 1969 టోక్యో సమావేశంలో అందించిన దేశానికి కొంత చెల్లించే పద్ధతి పెట్టారు. కానీ పునాది మాత్రం ఆ నమ్మకమే. పోస్ట్‌క్రాసింగ్ చేసేది కూడా అదే పని, దేశాల బదులు మనుషుల మధ్య.

ఆ సంస్థ అధికార భాష ఫ్రెంచ్. అందుకే విమానంలో వెళ్ళే కార్డు మీద నీలం రంగులో 'పార్ అవియోఁ' అని ఉంటుంది. విమానం ద్వారా అని అర్థం. నేనైతే మొదట అది పంపినవాళ్ళ ఊరి పేరు అనుకున్నా.

మొదలుపెట్టాలంటే

చాలామందికి పనికొచ్చే భాగం ఇదే కాబట్టి సూటిగా చెప్తాను.

పోస్టాఫీసులో దొరికే యాభై పైసల పసుపు కార్డు మన దేశం లోపలికే. నేను మొదటిసారి అది కొని జర్మనీ అడ్రస్ రాసి కౌంటర్‌లో ఇచ్చాను. అక్కడున్నాయన చూసి నవ్వి, "బాబూ, ఇది వైజాగ్ దాకా వెళ్తుంది, బెర్లిన్ దాకా వెళ్ళదు" అన్నారు. విదేశానికి కార్డు అని చెప్తే ఎంత స్టాంపు అంటించాలో వాళ్ళే చెప్తారు. రేట్లు మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ అడగండి. కార్డు, స్టాంపు కలిపి నాకు ఇప్పటిదాకా క్యాంటీన్‌లో ఒక ప్లేటు నూడుల్స్ కన్నా ఎక్కువ ఎప్పుడూ కాలేదు.

బొమ్మ స్టాంపులు కావాలంటే ఫిలాటలీ కౌంటర్ ఉన్న పెద్ద పోస్టాఫీసుకి వెళ్ళాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీస్ ఉంది. చాలామంది విదేశీయులు కార్డు బొమ్మ కన్నా స్టాంపు బొమ్మ చూసి ఎక్కువ సంతోషపడతారు. ఒక పెద్ద స్టాంపు కన్నా రెండు మూడు చిన్నవి అందంగా అంటించడం మేలు.

కార్డు సైజు కనీసం 9 సెంటీమీటర్లు బై 14, ఎక్కువలో ఎక్కువ 12 బై 23.5 ఉండాలి. ఇది అంతర్జాతీయ నియమం. యూరప్ కార్డులు ఎక్కువగా 10.5 బై 14.8 ఉంటాయి, అంటే మన ఏ4 కాగితంలో నాలుగో వంతు.

వెనక వైపు ఎడమ సగంలో కబురు, కుడి సగంలో అడ్రస్, కుడి పై మూలలో స్టాంపు. దేశం పేరు చివరి లైన్‌లో ఇంగ్లీష్ పెద్ద అక్షరాల్లో రాయండి, మన దగ్గర విడదీసేవాళ్ళు చూసేది అదే. కోడ్‌ని రెండు చోట్ల రాయండి. ఒక చోట ముద్ర పడి చెరిగినా ఇంకోటి ఉంటుంది. జెల్ పెన్ వద్దు, ఒక్క చినుకు పడితే చాలు. బాల్ పెన్నే మంచిది.

ఇంకో ముఖ్యమైన మాట. మీ చిరునామా ముక్కూ మొహం తెలియనివాళ్ళకి వెళ్తుంది. ఇంట్లో చెప్పి చెయ్యండి. ఇష్టం లేకపోతే పోస్టు బాక్స్ నంబర్ తీసుకోవచ్చు, కొన్నాళ్ళు ఆపాలనుకుంటే అకౌంట్‌ని ఆపి ఉంచొచ్చు. నేను హాస్టల్ అడ్రస్ ఇవ్వలేదు. సెలవుల్లో వచ్చినవి ఎవరికి చేరతాయో తెలీదు కాబట్టి రాజమండ్రిలో మా ఇంటి అడ్రస్ ఇచ్చాను. దానివల్ల కార్డులన్నీ ముందు మా తాతయ్య చేతిలో పడ్డాయి. ఆ సంగతి తరవాత.

చివరిగా, ప్రొఫైల్‌లో మీకేం ఇష్టమో రాసుకోవచ్చు. నేను "యూరప్‌లో ప్రసిద్ధమైన కట్టడాలు మాత్రమే" అని రాశాను. మొదట వచ్చింది ఎస్టోనియా నుంచి పుట్టగొడుగు. ఇష్టాలు రాయడం వరకే మన హక్కు, పంపేది వాళ్ళ ఇష్టం. ఆ 'మాత్రమే' అన్న మాటని నేను తరవాత తీసేశాను.

గోడ మీద ఉన్నవి

ముందు కార్డు చరిత్ర. ప్రపంచంలో మొదటి ప్రభుత్వ పోస్టుకార్డు 1869 అక్టోబర్ 1న ఆస్ట్రియాలో వచ్చింది. చిన్న కబురుకి కూడా కవరు, కాగితం, మర్యాద వాక్యాలు ఎందుకు, తక్కువ ధరకి ఒక అట్ట ముక్క చాలదా అని ఎమాన్యుయెల్ హెర్మన్ అనే అర్థశాస్త్ర అధ్యాపకుడు అదే ఏడాది పేపర్లో రాశాడు. మన దేశానికి పదేళ్ళలోనే వచ్చింది. 1879 జూలై 1, ధర కాణీ, అంటే పావు అణా.

మొదట్లో వాటి మీద బొమ్మ లేదు. బొమ్మలు వచ్చాక కూడా ఒక వైపు మొత్తం అడ్రస్‌కే కేటాయించారు. అందుకే పాత యూరప్ కార్డుల్లో చర్చి గోపురం మీద, ఆకాశం మీద గీకి ఉంటుంది, రాయడానికి వేరే చోటు లేక. అడ్రస్ వైపుని రెండుగా చీల్చి సగం కబురుకి ఇవ్వడం బ్రిటన్‌లో 1902లో మొదలైంది, మిగతా దేశాలు వెనకే వచ్చాయి. మనం ఇప్పుడు రాసే పద్ధతి అదే.

నా మొదటి కట్టడం కార్డు జర్మనీ నుంచి, నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట. బవేరియా రాజు రెండో లుడ్విగ్ దీనికి శంకుస్థాపన చేయించింది 1869 సెప్టెంబర్‌లో. మొదటి పోస్టుకార్డు పుట్టడానికి నెల ముందు! చూడ్డానికి వెయ్యేళ్ళ కోటలా ఉంటుంది గానీ వయసులో మన తపాలా కార్డుకి తోటిది. శత్రువుల కోసం కట్టింది కాదు, రాజు తన కలల కోసం కట్టుకున్నది. 1886లో ఆయన పోయేనాటికి కూడా పూర్తవలేదు. పోయిన కొన్ని వారాలకే టికెట్ పెట్టి జనాన్ని లోపలికి వదిలారు. ఒంటరిగా ఉండడానికి కట్టుకున్న ఇల్లు ప్రపంచంలో అందరూ చూసేది అయింది. 2025లో యునెస్కో జాబితాలో కూడా చేరింది.

దాని పక్కన కొలోన్ చర్చి. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారు. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్ళు పని ఆగిపోయింది. సగం కట్టిన గోపురం మీద బరువులెత్తే చెక్క క్రేన్ అలాగే నిలబడి, ఊరికి అదే గుర్తు అయిపోయిందట. 1842లో మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఎత్తు 157 మీటర్లు. మా రూమ్‌మేట్‌కి మూడు సబ్జెక్టులు మిగిలి ఉన్నాయి. వాడికి ధైర్యం కావాల్సినప్పుడల్లా ఈ కార్డు చూపిస్తాను.

నెదర్లాండ్స్ నుంచి కిండర్‌డైక్. నీళ్ళ పక్కన వరసగా 19 గాలిమరలు, ఎక్కువ భాగం 1740 ప్రాంతంలో కట్టినవి. గాలిమర అంటే పిండి ఆడించడానికి అనుకున్నాను. ఇవి నీళ్ళు తోడడానికి. అక్కడి నేల పల్లం, తోడకపోతే మునుగుతుంది. పంపినావిడ ఆ ఒక్క సంగతే రాసింది, ఇక్కడ ఇవి అందం కోసం కాదు, మేం తడవకుండా ఉండడానికి అని.

ఇక ఈఫిల్ టవర్. 1889లో తెరిచిన ఏడాదే దాని బొమ్మతో కార్డులు అమ్మారు. నాకు వచ్చింది పగటి బొమ్మ. రాత్రి వెలుగులది ఎందుకు తక్కువ కనిపిస్తుందా అని వెతికితే తమాషా సంగతి తెలిసింది. టవర్ డిజైన్ మీద ఇప్పుడు కాపీరైట్ లేదు, గుస్తావ్ ఈఫిల్ పోయి వందేళ్ళు దాటింది. కానీ రాత్రి దీపాల అమరిక కొత్తది, దాని మీద హక్కులున్నాయి. ఆ ఫొటోతో కార్డులు అచ్చేసి అమ్మాలంటే అనుమతి తీసుకోవాలి.

ఇక్కడిదాకా నేను పోగేసింది సమాచారమే. ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరికేవే. అసలు ప్రశ్న ప్రాగ్ నుంచి వచ్చింది.

మీ ఊళ్ళో వంతెన ఏది

చార్లెస్ వంతెన కార్డు అది. వల్తావా నది మీద అంతకు ముందున్న రాతి వంతెన 1342 వరదలో కొట్టుకుపోతే, నాలుగో చార్లెస్ 1357లో కొత్తది మొదలుపెట్టాడు. పొడవు 516 మీటర్లు, రెండు పక్కలా కలిపి 30 విగ్రహాలు. 1841 దాకా ప్రాగ్‌లో నది దాటడానికి ఉన్న వంతెన అదొక్కటే. దీనికి ముహూర్తం కూడా పెట్టారని అక్కడ చెప్పుకుంటారు. 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు. వరసగా రాయండి: 1 3 5 7 9 7 5 3 1. పాలిండ్రోమ్! కోడింగ్ టెస్టులో వచ్చే ప్రశ్న రాజుగారు శంకుస్థాపనకి వాడారన్నమాట.

పంపినాయన ఇవేవీ రాయలేదు. రోజూ తెల్లారకుండానే, టూరిస్టులు రాకముందే, ఆ వంతెన మీదుగా నడిచి పనికి వెళ్తాడట. ఆ టైములో తను, పక్షులు, వంతెన ఊడ్చే మనిషి మాత్రమే ఉంటారట. చివర్లో ఒక ప్రశ్న: మీ ఊళ్ళో వంతెన ఏది, దాని మీద నువ్వు ఎప్పుడు నడుస్తావు?

నాది రాజమండ్రి. గోదావరి మీద వంతెనల ఊరు. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్ళు నడిపిన హేవలాక్ వంతెన ఉంది, 56 స్పాన్‌లు. 1997లో దాని మీద రైళ్ళు ఆపేశారు. పక్కన 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, తరవాత వచ్చిన ఆర్చి వంతెన ఉన్నాయి. నేను పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. కానీ కొలోన్ చర్చి ఎత్తు చెప్పగల నాకు హేవలాక్ ఎవరో తెలీదు. కార్డుకి థాంక్స్ చెప్తూ ఆయనకి రెండు లైన్లు కూడా రాయలేకపోయాను.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళి తాతయ్యని అడిగాను. ఆయన అప్పటికే నా కార్డులన్నీ భూతద్దం పెట్టి చదివి, బిస్కెట్ల డబ్బాలో తేదీల వారీగా పెట్టారు. "హేవలాక్ అంటే మద్రాసు గవర్నరురా. ఆ వంతెన మీద రైలెక్కితే ఎంతసేపూ గోదారే. పైసా బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. మా అమ్మ ఇచ్చిన బిళ్ళ ఓసారి నేను వెయ్యకుండా దాచేసుకున్నా. ఆవిడకి తెలీదు, గోదారమ్మకి తెలుసు" అన్నారు. తరవాత కార్డుల సంగతి చెప్పారు. వాళ్ళ రోజుల్లో ఎవరు ఊరెళ్తున్నా "చేరగానే కార్డు ముక్క రాయి" అనేవారట. నాలుగు మూలలా పసుపు ఉంటే శుభవార్త. చావు కబురు తెచ్చిన కార్డుని చదివిన వెంటనే చింపేసేవారు, ఇంట్లో ఉంచకూడదని. "అందుకే దాచుకున్న కార్డులన్నీ మంచివే ఉంటాయి" అన్నారు.

సరే, హేవలాక్ వంతెన కార్డు ఒకటి కొని పంపుదాం అనుకున్నాను. నేను తిరిగిన ఏ షాపులోనూ లేదు. తాజ్‌మహల్ ఉంది, చార్మినార్ ఉంది. మా గోదావరి ఎక్కడా లేదు.

దీర్ఘం

అప్పుడు మేమే చేశాం. సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్ ఒకడు హేవలాక్ వంతెనని ఇంక్ పెన్‌తో గీశాడు. స్పాన్‌లు 56 గీయలేదు గానీ నీడలతో సహా బాగా గీశాడు. కింద పేరు తెలుగులో ఉండాలని నేను పట్టుబట్టి నా చేతి రాతతో రాశాను. దళసరి అట్ట మీద 20 కార్డులు ప్రింట్ తీయించాం. సైటు ఇచ్చిన అడ్రస్‌లకి ఆరు కార్డులు పోస్టు చేసి, మర్నాడు గొప్పగా తాతయ్యకి వాట్సాప్‌లో ఫొటో పెట్టాను.

వెంటనే ఫోన్ చేశారు. "బొమ్మ బావుందిరా. గోదారికి దీర్ఘం ఏమైంది?"

చూసుకుంటే 'గొదావరి' అని ఉంది. పుట్టి పెరిగిన ఊరి నది పేరు పందొమ్మిదేళ్ళ వయసులో మొదటిసారి చేత్తో రాశాను, అది కూడా తప్పు రాశాను. ఇన్నేళ్ళూ టైప్ చేస్తే ఫోనే సరిచేసి ఇచ్చేది కాబట్టి నాకు రాదని నాకే తెలీలేదు. తాతయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన 14 కార్డుల మీద బ్లాక్ పెన్‌తో గొ ని గో చేశాను. వెళ్ళిపోయిన ఆరింటిని ఏం చెయ్యగలం?

నాలుగు మూడు నాలుగు వారాల్లో చేరాయి. ఎవరికీ తప్పు తెలీలేదు, తెలిసే అవకాశం లేదు. రెండు 60 రోజులు దాటి గడువు తీరిపోయాయి. ఒక పక్క బాధ, ఒక పక్క ఆ తప్పు ఎక్కడో పోయిందిలే అని కొంచెం హాయి. 74వ రోజు ఒకటి రిజిస్టర్ అయింది. ఫిన్లాండ్, రిటైరైన ఒక స్కూల్ టీచర్. కార్డు తడిసి వచ్చిందట, అయినా ఆ గుండ్రటి అక్షరాలు నచ్చి వాటిని కాగితం మీద దిద్దిందట. అదేం రాశావో, ఎలా పలకాలో చెప్పమని అడిగింది.

అబద్ధం చెప్పినా ఆవిడకి తెలీదు. చాలాసేపు ఆలోచించి నిజమే రాశాను. ఇది మా నది పేరు, మొదటి అక్షరాన్ని సాగదీసి పలకాలి, ఆ సాగదీసే గుర్తు నేను పెట్టడం మర్చిపోయాను, మా తాతయ్య పట్టుకున్నారు, సరైనది ఇలా ఉంటుంది అని ఫొటో కూడా పెట్టాను.

ఆవిడ జవాబు నాకు బాగా గుర్తుంది. ఫిన్నిష్‌లోనూ అంతేనట. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి. వాళ్ళు దీర్ఘానికి అదే అచ్చుని రెండుసార్లు రాస్తారు. చిన్నపిల్లలు అందరూ అక్కడే తప్పు చేస్తారట, నలభై ఏళ్ళు ఎర్ర పెన్‌తో దిద్దానని రాసింది. నా కార్డుని మాత్రం దిద్దనని, అలాగే ఫ్రిజ్ మీద పెట్టుకుంటానని కూడా రాసింది.

ఆ సందేశం తాతయ్యకి చదివి తెలుగులో చెప్పాను. "ఆవిడా మాస్టారేనా!" అన్నారు. మర్నాడు నా చేత ఒక పేజీ దస్తూరి రాయించారు.

ఇప్పుడు రెండో ప్రశ్నకి జవాబు చెప్పగలను. ఫోన్‌లో కనపడే చార్లెస్ వంతెన అందరికీ ఒకటే, అది నన్నేమీ అడగదు. కార్డు మీద వచ్చిన వంతెన మాత్రం రోజూ దాని మీద నడిచే ఒక మనిషి, నా పేరు రాసి, స్టాంపు అంటించి, మరి నీది ఏది అని అడిగింది. ముందు ఇచ్చాకే తీసుకోవాలి అన్న రూల్‌లోనే ఉంది కిటుకంతా. ఇవ్వడానికి నా దగ్గర ఏముందో వెతుక్కోవాల్సి వచ్చింది. వెతికితే ఉందని తెలిసింది, సరిగ్గా రాయడం రాదని కూడా తెలిసింది.

అందుకే క్లబ్‌కి ఒక ప్రతిపాదన. అక్టోబర్ 1 ప్రపంచ పోస్టుకార్డు దినం. ఆ లోపు మన ఊళ్ళ కార్డులు ఆరు మనమే అచ్చు వేద్దాం. 1213 నాటి రామప్ప గుడి, లేపాక్షి నంది, హేవలాక్ వంతెన, ఇంకా మీరు చెప్పేవి. యునెస్కో జాబితాలోవే కానక్కర్లేదు, మీరు రోజూ నడిచే చోటైనా సరే. బొమ్మలు వేసేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు, పోస్టాఫీసుకి నడిచే ఓపిక ఉన్నవాళ్ళు పేర్లివ్వండి. తెలుగు సరిగ్గా రాయగలవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు కావాలి. అచ్చుకి పంపేముందు దీర్ఘాలు మా తాతయ్య ఎలాగూ చూస్తారు.